పొగగొట్టం వెనక చంద్రుడు

సెప్టెంబరు 21, సోమవారం

మూతపడ్డ మిల్లు పొగగొట్టాన్ని గురువారం ఉదయం కూల్చేస్తారు. వార్త నాది, ఫొటో బావది. అక్క మొగుడు. మా పేపరులోనే ఫొటోగ్రాఫర్. ఏజెన్సీ ఫొటోలు చవగ్గా దొరుకుతుంటే ఈయనకు జీతమెందుకని ఎడిటర్ అడుగుతున్నాడు. ఈ వారం ఎవరి దగ్గరా లేని ఫొటో తెస్తే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఇంటికే. మొహం మీదే చెప్పాడు.

బావ ఆలోచన ఒక్కటే. పొగగొట్టం వెనక నుంచి నిండు చంద్రుడు లేవాలి. అప్పటికి ఆకాశంలో వెలుతురు ఉండాలి. చీకటి పడితే గొట్టం కనిపించదు.

ఇవాళ మబ్బు.

22, మంగళవారం

పోయింది.

మా పేపరులో వేసే చంద్రోదయం టైము చూసుకుని రైలు వంతెన ఎక్కాం. ట్రైపాడ్ విప్పేసరికే చంద్రుడు గొట్టం దాటి బెత్తెడు పైన, ఏమీ ఎరగనట్టు ఉన్నాడు. బావ నన్ను తిట్టాడు, పేపరును తిట్టాడు, చంద్రుణ్ణి మాత్రం ఏమీ అనలేదు. ఆయన తప్పేముంది బావమరిదీ, మన పేపరు చదవడుగా అన్నాడు.

రేపు టైము ఇంకా ఆలస్యం. అప్పటికి కటిక చీకటి. ఇక కెమెరా అటకెక్కించడమేనట.

23, బుధవారం, ఉదయం

ఆ టైము ఎక్కడిదని డెస్క్‌లో అడిగాను. లెక్క వేశానన్నాడు సబ్ఎడిటర్. చంద్రుడు రోజుకు యాభై నిమిషాలు లేటు, బడిపిల్లల్నడిగినా చెప్తారు అన్నాడు. నాలుగు రోజుల కిందట ఒకసారి అసలు టైము చూశాడట. ఆ తర్వాత రోజూ యాభై కలుపుకుంటూ పోవడమే. పైగా కూడికలో తప్పుంటే చూపించమని సవాలు.

కూడికలో తప్పు లేదు. నక్షత్రశాలలో పనిచేసే మేడమ్‌కి ఫోన్ చేశాను.

తిరిగే కుర్చీలో కూర్చున్నావనుకో అంది. నీ చుట్టూ ఒకడు నువ్వు తిరిగే వైపే నెమ్మదిగా నడుస్తున్నాడు. నీ చుట్టు పూర్తయ్యేసరికి వాడు పాత చోట ఉండడు. వాడు కనపడాలంటే నువ్వు ఇంకాస్త తిరగాలి. ఆ ఇంకాస్తే ఆలస్యం. కుర్చీ భూమి, నడిచేవాడు చంద్రుడు.

మరి యాభై? అది సగటు బాబూ, సగటును నమ్ముకుని ఎవరైనా రైలెక్కుతారా అంది. చంద్రుడు నడిచే దారి దిగంతం దగ్గర నిటారుగా ఉన్న రోజుల్లో మర్నాడు అదే వేళకు దిగంతం కింద బాగా లోతుకి దిగిపోతాడు. పైకి రావడానికి ఎక్కువసేపు పడుతుంది. ఈ వారం ఆ దారి బాగా వాలి ఉంది. కిందికి దిగడం తక్కువ, ఎడమకు జరగడం ఎక్కువ. అందుకే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా అరగంటే.

ఇవాళ్టి అసలు టైము కూడా చెప్పింది. అంటే సూర్యుడు మునిగిన కాసేపటికే వస్తాడు. వెలుతురుంటుంది!

బావను నిద్ర లేపాను. తాడో పేడో ఇవాళే తేలిపోవాలన్నాను.

23, సాయంత్రం

చంద్రుడు ఎడమకు జరిగితే మనం కుడికి జరగాలి. వంతెన వదిలేసి కుడిపక్క గోదాము డాబా ఎక్కాం.

వచ్చాడు. ఎర్రగా, గొట్టం మొదట్లో, మేడమ్ చెప్పిన నిమిషానికి. గొట్టం ఇటుకలు లెక్కపెట్టుకోవచ్చు, అంత వెలుతురు. బావ షట్టర్ నొక్కుతూనే ఉన్నాడు. ఆఖరికి స్క్రీన్ నాకు చూపించి, నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఇంకా మండుతోంది.

దిగి వస్తుంటే పోటీ పేపరు ఫొటోగ్రాఫర్లు ఇద్దరు పరిగెత్తుకుంటూ ఎదురొచ్చారు. మీ పేపరులో ఇంకా టైముందే, అప్పుడే ఎలా లేచాడని అడిగారు. మా పేపరును ఇంతగా నమ్మే పాఠకులున్నారని ఎడిటర్‌కు తప్పకుండా చెప్తానన్నాడు బావ.

24, గురువారం

పొగగొట్టం కూలింది. మొదటి పేజీ పైసగం బావ ఫొటో. నా వార్త కింద నాలుగు లైన్లు. సరైన కొలతే.

సోమవారం డ్యూటీ ఎక్కడో బావకు చెప్పడానికి ఎడిటర్ స్వయంగా ఇంటికి ఫోన్ చేశాడట. నిద్రపోతున్నారు, నేను లేపను, మీరే మళ్లీ చేసుకోండి అందట అక్క.