రెండు మార్కులు, మూడో అంతస్తు బాల్కనీ

న్యూ వెస్ట్‌మిన్‌స్టర్,
అక్టోబరు 21.

భవన పైతొడుగు నిపుణుల అర్హతా పరీక్షల రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మే నెల వ్రాతపరీక్షలో నా జవాబుపత్రం తిరిగి దిద్దించుట గురించి; అదే పరీక్షలో ఉత్తీర్ణురాలైన శ్రీమతి లోర్నా స్టేవ్లీ అర్హతపై విచారణ గురించి. (ఈ రెండూ ఇప్పుడు కోరడం లేదు. కారణం కింద చూడగలరు.)

నా పేరు వెండెల్ క్రోకర్. వయస్సు యాభై నాలుగు. గోడ, కప్పు, కిటికీ, బాల్కనీ కలిసి భవనానికి పైతొడుగు. అందులోంచి వాన ఎక్కడ లోపలికి వస్తున్నదో కనిపెట్టే పనిలో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాను. ఎడతెగని వానల ఈ తీరంలో అటువంటి పనికి కొరత లేదని తమకు తెలియనిది కాదు.

1. సదరు పరీక్షలో నాకు అరవై ఎనిమిది మార్కులు వచ్చినవి. ఉత్తీర్ణతకు డెబ్బై కావలెను. ఇది నా మూడవ ప్రయత్నము.

2. పద్నాలుగో ప్రశ్నలో, కిటికీ కింద గోడకు తేమ పట్టినదీ లేనిదీ ఏ విధముగా నిర్ధారింతురో వివరించమన్నారు. "పిడికిలితో తట్టి చూస్తాను, చప్పుడు మొద్దుగా ఉంటే తెరుస్తాను" అని రాసితిని. సున్న వేసినారు. దిద్దినవారి పిడికిలి ఏనాడూ గోడకు తగిలి ఉండదని నా అభిప్రాయము.

3. శ్రీమతి స్టేవ్లీ పందొమ్మిదేళ్ల కిందట మా కంపెనీలో నా నోట్సు టైపు చేయడానికి చేరినది. నా చేతిరాత ఆవిడకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. మొద్దు చప్పుడంటే ఏమిటని అడిగేది. చెప్పితిని. చూస్తానన్నది. గోడ వెంట వేలాడే తాళ్ల పలక మీదికి నేనే ఎక్కించితిని. నేర్పినవన్నీ నేర్చుకుని, మొదటిసారికే పరీక్ష గట్టెక్కినది. పద్నాలుగో ప్రశ్నకు ఏ మీటరు పెట్టాలో, ఎన్ని చోట్ల పెట్టాలో, ఎంత శాతం దాటితే గోడ తెరవాలో రాసినదట. "నీ పిడికిలి కూడా రాశాను వెండెల్. దానికీ మార్కులిచ్చారు" అని ఆవిడే నవ్వుతూ నాతో చెప్పినది. 'నవ్వుతూ' అన్న మాట తమరు గమనించవలెను.

4. అర్హత ఉన్నవారే నివేదికపై సంతకం చేయవలెనని నిబంధన. కావున నేను చూసిన గోడలకు ఆవిడ సంతకం చేయును. గాజు తలుపు మీద ఆవిడ పేరు రాయించినారు. యజమాని కేకు తెప్పించగా నేను రెండు ముక్కలు తింటిని. ఆవిడ రాసినది నా విద్య గనుక అది చూచిరాతగా పరిగణించి విచారించ ప్రార్థన.

అయ్యా, పై నాలుగు అంశాలు అక్టోబరు రెండున రాసినవి. పోస్టు చేయలేదు. మిగతావి ఈ రోజు రాస్తున్నాను. మొత్తం మళ్లీ రాద్దామనుకున్నాను గాని, అలా రాస్తే నేను ఉన్నదానికంటే మంచివాడిలా కనబడతానని ఊరుకున్నాను.

5. అక్టోబరు తొమ్మిదిన నాలుగంతస్తుల చెక్క భవనమొకటి చూడడానికి వెళ్లాను. శ్రీమతి స్టేవ్లీ సంతకంతో బయటికి వెళ్లబోయే మొదటి నివేదిక దానిదే. మూడో అంతస్తులో ఆగ్నెస్ టోల్మీ అనే ఎనభై ఒక్కేళ్ల ఆవిడ ఒక్కతే ఉంటుంది. పూర్వం బడిలో సంగీతం చెప్పేది. రోజూ పొద్దున టీ కప్పుతో బాల్కనీలో నిలబడి నది మీద దుంగలు లాక్కుపోయే పడవలు చూడటం ఆవిడ అలవాటు. బాల్కనీ దూలం గోడలో కలిసే చోట ఇనుప పుల్ల గుచ్చాను. పిడి దాకా దిగింది. బయటికి తీస్తే కొనకు తడిసిన రొట్టెలాంటి చెక్క అంటుకుని వచ్చింది.

నోట్సులో "మూడో అంతస్తు బాల్కనీ: సంతృప్తికరం" అని రాశాను.

ఆవిడ మొదటి సంతకమే తప్పు నివేదిక కింద పడాలనీ, వసంతంలో ఇంకెవరో వచ్చి ఆ కుళ్లు బయటపెట్టాలనీ నా కోరిక. అంతవరకే ఆలోచించాను. ఆ బాల్కనీలో మనుషులు నిలబడతారన్నది ఆలోచనలోకే రాలేదు. సామాను సర్దుకుంటుంటే టోల్మీ గారు, "ఏం నాయనా, నా బాల్కనీ నాకంటే ఎక్కువకాలం ఉంటుందా?" అని అడిగింది.

"ఉంటుందండీ" అన్నాను.

6. నాలుగు రోజులకు నివేదిక తయారైంది. ఒకసారి వెళ్లి చూసొస్తావా అని యజమాని శ్రీమతి స్టేవ్లీని అడగడం, వెండెల్ చూస్తే తను చూసినట్టేనని ఆవిడ అనడం అడ్డగోడ ఇవతలనుంచి విన్నాను. నేను కోరుకున్నది అదే. అయినా ఆ రాత్రి, టీ కప్పుతో ఆ బాల్కనీలో నిలబడే టోల్మీ గారే కళ్లముందు మెదిలింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకు పోకుండా నేరుగా ఆ భవనానికి వెళ్లాను. వాన పడుతోంది. టోల్మీ గారు కప్పు పట్టుకుని బాల్కనీ తలుపు దాకా వచ్చి ఉంది. అటు వెళ్లొద్దని చెప్పి, తలుపుకు అడ్డంగా పలక బిగించాను.

"మొన్న బాగుందన్నావు కదా?" అన్నది.

"అబద్ధం చెప్పానండీ."

"నామీద ఏం కోపం?"

"మీమీద కాదండీ. మా ఆఫీసులో ఒకావిడ మీద."

టోల్మీ గారు కప్పు బల్ల మీద పెట్టింది. "అయితే ఇక్కడేం చేస్తున్నావు? వెళ్లి ఆవిడతో చెప్పు" అన్నది.

7. వెళ్లి చెప్పాను. పుల్ల ఎంత దిగిందని శ్రీమతి స్టేవ్లీ మొదట అడిగింది. పిడి దాకా అన్నాను. పంపడానికి సిద్ధంగా ఉన్న నివేదిక కవరు చింపి, అందులోంచి సంతకమున్న కాగితం తీసి ముక్కలు చేసింది. భవనం వాళ్లకు ఫోను చేసి బాల్కనీలన్నీ మూయించింది. అదంతా అయ్యాకే నా వైపు చూసింది.

"చూడక రాశావా, చూసి రాశావా?"

"చూసే రాశాను."

"నా పేరు కింద."

"నీ పేరు కిందనే, లోర్నా."

చింపిన ముక్కలు బుట్టలో వేసి, "రేపట్నుంచి ప్రతి గోడా నేనే ఎక్కి చూస్తా. నువ్వు చూశానంటే ఇక సంతకం పెట్టను" అన్నది.

అప్పటినుంచి అలాగే చేస్తోంది. నేను పుల్ల గుచ్చిన కన్నంలోనే తానూ మళ్లీ గుచ్చి చూస్తుంది. ఇదివరకు తాళ్ల పలక మీద వాగుతూనే ఉండేది. ఇప్పుడు పనికి కావలసిన మాటే మాట్లాడుతుంది. ఆ భవనంలో మరో రెండు బాల్కనీలు కూడా కుళ్లినట్టు తేలింది. బాగు చేస్తున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. యజమానికి ఆవిడ ఏమీ చెప్పలేదు. నిన్న నేనే చెప్పాను. ఇకపై గోడ చూడడానికి నన్ను ఒంటరిగా పంపనన్నారు.

8. అందుచేత మనవి చేసేదేమనగా: శ్రీమతి స్టేవ్లీపై నా ఆరోపణ ఉపసంహరించుకుంటున్నాను. పద్నాలుగో ప్రశ్న తిరిగి దిద్దనక్కరలేదు. మీటరు చూపిన అంకెను ఇంకొకరు వచ్చి సరిచూడగలరు. నా పిడికిలి ఏం విన్నదో నేను చెప్పేదాకా ఎవరికీ తెలియదు. నేనేం చెప్పానో తమరు చూశారు. నేను మళ్లీ రాయదలచిన నవంబరు పరీక్ష దరఖాస్తులో "సత్ప్రవర్తనకు భంగకరమైన సంగతులు" అన్న గడి ఉంది. అందులో ఇదంతా పట్టదు గనుక ఈ కాగితాలు జతపరుస్తున్నాను. నన్ను పరీక్షకు కూర్చోనివ్వడమా మానడమా అన్నది తమ చేతిలో ఉంది. వద్దంటే మారుమాట్లాడను.

జరిగింది జరిగినట్టు రాశాను. తీరిక చూసుకుని ఆసాంతం చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వెండెల్ క్రోకర్

తా.క.: శ్రీమతి స్టేవ్లీకి మొత్తం ఎన్ని మార్కులు వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ తనంతట చెప్పలేదు, ఇప్పుడు అడిగే ముఖం నాకు లేదు. డెబ్బై అయిదు లోపైతే దయచేసి ఒక్క ముక్క రాసి పంపించండి. ఆపైన అయితే వద్దు.