కూర్చున్న డ్రిల్లు మాస్టారు

చిరంజీవి బావమరిదికి,

బావ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మీ అక్క క్షేమం. నా సంగతి ఇది చదివాక నువ్వే తేల్చుకో.

ఫోన్లు ఉండగా ఈ ఉత్తరమేమిటనుకుంటావు. మా ఇంట్లో ఫోన్లో మాట్లాడితే మీ అక్కకి వంటింట్లోకి మొత్తం వినపడుతుంది. వినపడనిది ఊహించుకుంటుంది. అందుకే కాగితం పట్టాను.

పోయిన ఆదివారం మా స్కూలు కమిటీ వాళ్ళతో కలిసి బస్సులో నీ థియేటరుకి వచ్చాను కదా, ఆ పరుగుపందెం సినిమాకి. స్కూలు ఆటస్థలానికి నా పేరు పెట్టబోతున్నారన్న సంతోషంలో అందరం సరదాగా బయల్దేరాం. హాల్లో ఏం జరిగిందో మాత్రం నాకు తెలీదు, నా గోలంతా అదే. బస్సు బడలిక, పైగా నీ ఏసీ చల్లదనం, ఆ మెత్తటి సీటు. లైట్లు ఆర్పగానే కన్ను మూతపడింది. మెలకువ వచ్చేసరికి హీరో సగం దూరం పరిగెత్తేశాడు.

ఇప్పుడు ఊళ్ళో ఒక ఫోటో తిరుగుతోంది. జాతీయ గీతం వస్తుంటే మా సెక్రటరీ గుండె మీద చెయ్యి వేసుకుని, తెర మానేసి ఫోనులోకి చూస్తూ, తన ఫోటో తనే తీసుకున్నాడు మహానుభావుడు. అతని చెవి పక్కన, వెనక వరసలో, అందరూ నిటారుగా నిలబడి ఉంటే నేనొక్కణ్ణే కూర్చుని ఉన్నాను. కంటి ఆపరేషన్ అయినప్పట్నుంచీ నల్ల కళ్ళజోడు కదా, నిద్రపోతున్నానని తెలియట్లేదు. కాలు మీద కాలేసుకుని పొగరుగా చూస్తున్నట్టుంది.

గీతం అవుతుండగా ముక్కు మీద ఈగ వాలినా కదలకూడదని ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పినవాణ్ణి. నిద్రపోయానంటే పరువు పోతుంది, నిద్రపోలేదంటే ఇంకా పోతుంది. నీ థియేటరు కాగితం మీద ఒక్క ముక్క రాసి పంపు, ఆ రోజు స్పీకరు పాడై పాట సరిగ్గా వినపడలేదని.

ఇట్లు,
నీ బావ

తా.క.: మీ అక్కకి సినిమా కథ మొత్తం చెప్పాను. సగం నేనే అల్లాను. నువ్వు అసలు కథ చెప్పి నా కొంప ముంచకు.

---

పూజ్యులు బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాస్తున్నది. మీ ఉత్తరం టికెట్ల కిటికీ వెనక నిలబడి చదివాను. మనసంతా అదోలా అయిపోయింది.

కానీ స్పీకరు పాడైందని మాత్రం రాయలేను బావగారూ. మొన్ననే కొత్తవి బిగించారు. మా ఓనరు రోజూ వచ్చి వాటిని చంటిపిల్లల్ని నిమిరినట్టు నిమిరి వెళ్తున్నారు. అసలు ఆ రోజు ఆట గురించి ఎవరూ ఏ కాగితం మీదా ఏమీ పెట్టకపోవడమే మంచిది. ఎందుకని అడక్కండి.

అయినా ఇదేం విడ్డూరం! నా చిన్నప్పుడు సినిమా అయ్యాక గీతం వేసేవారు. సగం హాలు గేటు దగ్గరికి పరుగో పరుగు, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. తర్వాత ముందే వెయ్యమన్నారు, అందరూ లేవాల్సిందే అన్నారు. ఆ తర్వాత లేవడం లేవకపోవడం మీ ఇష్టం అన్నారు. మీ ఇష్టం అన్న దగ్గర్నుంచే తగువులు మొదలయ్యాయి. ఇప్పుడు గీతం వస్తే తెర చూసేవాళ్ళు తక్కువ, పక్కవాడి మోకాళ్ళు చూసేవాళ్ళు ఎక్కువ.

మీరేం దిగులుపడకండి. మీ కమిటీ ప్రెసిడెంటుగారికి నేనే సొంతంగా రాశాను, మా బావకి మోకాళ్ళ నొప్పులు, పాపం లేవలేరు అని. దాంతో గొడవ సద్దుమణుగుతుంది.

ఇట్లు,
మీ విధేయుడైన బావమరిది

తా.క.: ఓ పదిరోజులు కాస్త కుంటండి. ఏ కాలైనా పర్వాలేదు, కానీ రోజూ అదే కాలు.

---

చిరంజీవి బావమరిదికి,

బావ పళ్ళు నూరుతూ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం ముందు ప్రెసిడెంటుగారికి చేరింది, తర్వాత నాకు. ఆయన స్కూలు ఆఫీసులో కూర్చుని అది చదివే సమయానికి నేను ఏం చేస్తున్నానో తెలుసా? పిల్లల బంతి కాలవలో పడితే గోడ దూకి, బంతి తీసి, మళ్ళీ గోడ దూకి వస్తున్నాను. ఆయన కిటికీలోంచి ఓసారి నన్నూ, ఓసారి ఉత్తరాన్నీ చూశారట. ఆ సంగతి తెలీక సాయంత్రం నీ సలహా ప్రకారం కుంటుకుంటూ వెళ్ళాను. "మాస్టారూ, పొద్దున గోడ దూకింది ఈ కాలేనా, రెండోదా?" అన్నారు.

ఇప్పుడు నేరాలు రెండయ్యాయి, లేవకపోవడం ఒకటి, అబద్ధమాడటం ఒకటి. ఆటస్థలం గేటు మీద బోర్డు రాసే పెయింటరు నా పేరులో మొదటి అక్షరం రాసి నిచ్చెన దిగిపోయాడు. కమిటీ సరేననేదాకా రెండో అక్షరం ముట్టుకోడట. బడికి వచ్చే పోయే పిల్లలంతా ఆ ఒక్క అక్షరాన్నీ గట్టిగా చదువుతున్నారు. ఇంట్లో ఉన్నా వినపడుతోంది.

ఇట్లు,
నీ బావ

తా.క.: ఏ కాలు కుంటానో మర్చిపోయాను. మీ అక్క కుడి అంటోంది, ప్రెసిడెంటుగారు ఎడమ అంటున్నారు.

---

పూజ్యులు బావగారికి,

మీ బావమరిది తల వంచుకుని రాస్తున్నది. మోకాళ్ళ సంగతిలో తొందరపడ్డాను. ఈసారి బాగా ఆలోచించాను.

రోజులు మారాయి బావగారూ, నేను హాల్లో రోజూ చూస్తున్నానుగా. మ్యాట్నీకి వచ్చే పెద్దలు లేవకపోతే తిడతారు, సాయంత్రం ఆటకి వచ్చే కుర్రాళ్ళు లేస్తే నవ్వుతారు. మా గేటు దగ్గరి మనిషి పాపం మ్యాట్నీకి లేచి, సాయంత్రం కూర్చుని, ఇద్దరి దగ్గరా మంచివాడనిపించుకుంటున్నాడు. మీరు పెద్దల దగ్గర ఎలాగూ చెడ్డారు. కాబట్టి కుర్రాళ్ళ దగ్గర బాగుపడాలి.

అందుకని మీ ఊరి కుర్రాళ్ళ సంఘానికి ఒక ఉత్తరం పడేశాను. మా బావ ఆ రోజు కావాలనే కూర్చున్నారు, దేశభక్తి మనసులో ఉండాలి గానీ మోకాళ్ళలో కాదన్నది ఆయన సిద్ధాంతం, అని రాశాను. చూస్తూ ఉండండి, మీ పేరు మోగిపోతుంది.

ఇట్లు,
మీ మేలు కోరే బావమరిది

తా.క.: సిద్ధాంతం వివరించమని ఎవరైనా అడిగితే కళ్ళు మూసుకుని మౌనంగా ఉండండి. అది మీకు అలవాటే కదా.

---

బావమరిదికి,

చిరంజీవి అని రాయబుద్ధి కావడం లేదు. అయినా మా ఆవిడ తమ్ముడివి కాబట్టి చిరంజీవీ.

కుర్రాళ్ళు పదిమంది కొత్త కుర్చీ మోసుకుంటూ ఇంటికొచ్చారు, నాకు కానుకట. "మా కళ్ళు తెరిపించారు మాస్టారూ!" అన్నారు. కళ్ళు మూసుకున్నవాణ్ణి నేను, తెరుచుకున్నది వాళ్ళకి! మర్నాడు పొద్దున స్కూల్లో గీతం మొదలవగానే ఆ పదిమందీ వచ్చి ఆటస్థలం మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. గేటు దగ్గర నిలబడి చూస్తున్న నాకు ఒళ్ళు మండిపోయింది. "లేవండ్రా గాడిదల్లారా! అటెన్షన్!" అని అరిచాను. అందరూ నా దగ్గర డ్రిల్లు నేర్చుకున్నవాళ్ళే. దెబ్బకి లేచి కొయ్యల్లా నిలబడ్డారు. నిలబడ్డాక గానీ వాళ్ళకి సంఘం సంగతి గుర్తురాలేదు.

సాయంత్రానికి నేను ద్రోహినయ్యాను, కుర్చీ వెనక్కి పోయింది. ఇటు కమిటీవాళ్ళేమో "కూర్చోబెట్టిందీ ఆయనే, లేపిందీ ఆయనే, ఈ మనిషిని నమ్మేదెలా" అంటున్నారు. పేరు పెట్టాలా వద్దా అన్నది శుక్రవారం మీటింగులో తేలుస్తారట.

ఒరేయ్, నవ్వులాటకి కాదు, నిజంగా బాధగా ఉంది. ఆ స్థలంలో రాళ్ళు నా చేతులతో ఏరాను. వానొస్తే పిల్లల చేత గట్టు కట్టించాను, వాళ్ళతోపాటు నేనూ బురదలో దిగాను. పేరు పెట్టకపోతే పోనీ. దేశమంటే గౌరవం లేనివాడు అన్న మాట మాత్రం మొయ్యలేకపోతున్నాను. మీటింగులో నిద్రపోయానని ఒప్పేసుకుంటాను. పరువు పోతే పోయింది. నువ్వు కూడా ఆ రోజు జరిగింది జరిగినట్టు రాసి పంపు.

ఇట్లు,
నీ బావ

తా.క.: మనింటికి కొత్త కుర్చీ ఎందుకొచ్చింది, ఎందుకు పోయింది అని మీ అక్క అడుగుతోంది. నువ్వు పంపావని చెప్పాను. ఇప్పుడు నీ మీద కూడా కోపంగా ఉంది.

---

బావగారి పాదాలకు,

మీ బావమరిది సాష్టాంగపడి రాస్తున్నది.

ఇక దాచలేను. ఆ రోజు మా థియేటర్లో జాతీయ గీతం వెయ్యనే లేదు.

ఆపరేటరు ఒక మీట బదులు ఇంకోటి నొక్కాడు. వచ్చింది సిమెంటు కంపెనీ ప్రకటన. బాకాలు, డప్పులు, కొండల మీద సూర్యోదయం, చేతులు పైకెత్తిన పిల్లలు, వింటే ఎవరికైనా రోమాలు లేస్తాయి. ముందు లేచింది నేనే, తలుపు దగ్గర స్టూలు మీంచి, అలవాటు కొద్దీ. నన్ను చూసి ప్రెసిడెంటుగారు లేచారు, ఆయన్ని చూసి సెక్రటరీ, వాళ్ళని చూసి హాలంతా. చివర్లో తెర నిండా సిమెంటు బస్తా వచ్చింది. ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో దేవుడికే తెలియాలి. ముందు కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. బస్తా మాయమయ్యేదాకా అలాగే నిలబడ్డారు.

ఓనరుకి తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుందని భయపడి మీకు మోకాళ్ళ నొప్పులు, సిద్ధాంతాలు అంటగట్టాను. హాలు మొత్తం మీద తప్పు చెయ్యనిది మీరొక్కరే బావగారూ, అదీ నిద్రలో. ఈ కాగితం మీటింగులో గట్టిగా చదివెయ్యండి. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను. మీ మీద మాట పడితే మా అక్క ముఖం ఎలా చూడను?

ఇట్లు,
క్షమించదగని మీ బావమరిది

తా.క.: ఆ రోజు నుంచీ ఎక్కడ సిమెంటు బస్తా కనపడినా నా వీపు దానంతటదే నిటారవుతోంది.

---

చిరంజీవి బావమరిదికి,

బావ మనస్ఫూర్తిగా ఆశీర్వదించి రాయునది. నీ ఉద్యోగానికి ఏ ఢోకా లేదు, ముందు అది విని కాస్త మంచినీళ్ళు తాగు.

మీటింగులో నీ ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా చదివాను. నిద్రపోయానని కూడా ఒప్పుకున్నాను. తర్వాత ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని, "ఏ పాట అన్నది ముఖ్యం కాదు మాస్టారూ. అందరూ లేచినప్పుడు మీరు లేచారా, లేదా?" అన్నారు. సెక్రటరీ అందుకుని, "సిమెంటుకే లేవని మనిషి దేశానికి లేస్తాడా?" అన్నాడు. అంతా చప్పట్లు కొట్టారు. నా పేరు తీసెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఇంటికొచ్చి మీ అక్కకి మొత్తం చెప్పేశాను. "మీరు నిద్రపోయారని నాకు ముందే తెలుసు. మీరు చెప్పిన కథలో హీరో మూడుసార్లు చచ్చిపోయాడు" అంది.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా సిమెంటు కంపెనీ దాకా పాకింది. తమ పాటకి ఒక హాలు హాలంతా లేచి నిలబడిందని వాళ్ళు పొంగిపోయారు. మీ ఓనరుకి ఏడాది పొడుగునా ప్రకటనలు, మా స్కూలుకి పదిహేను రోజుల్లోనే ఆటస్థలం చుట్టూ సిమెంటు మెట్లు. ఆటస్థలానికి కంపెనీ పేరు పెట్టారు. పెయింటరు ఆ బోర్డు మాత్రం ఒక్క పూటలో రాసేశాడు.

నిన్న ప్రారంభోత్సవం. నన్నూ మీ అక్కనీ కూడా పిలిచారు, మూడో మెట్టు మీద కూర్చోబెట్టారు. ముందుగా కంపెనీ పాట వేశారు. ఎవరూ చెప్పకుండానే అందరూ లేచారు, చేతులు గుండెల మీదికి వెళ్ళాయి. నేను ఈసారి కళ్ళు బార్లా తెరుచుకుని కూర్చున్నాను. జన్మలో అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదురా.

తర్వాత జాతీయ గీతం మొదలైంది. అప్పటికే నిలబడి నిలబడి అందరూ అలిసిపోయి కూలబడ్డారు. టీలు, బిస్కట్లు వచ్చాయి. నేను లేచాను. మీ అక్క కూడా నా పక్కన లేచి నిలబడింది. అంత స్థలంలో మేమిద్దరమే. నేను ఏరిన రాళ్ళు, కట్టిన గట్లు గుర్తొచ్చి కళ్ళ నీళ్ళు తిరిగాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. గీతం సగంలో వెనకనుంచి ఎవరో నా చొక్కా పట్టి లాగి, "కూర్చోండి మాస్టారూ, టీ ట్రేకి అడ్డమొస్తున్నారు" అన్నారు. నేను కదల్లేదు.

ఇట్లు,
నీ బావ

తా.క.: ఇవాళ పొద్దున్నే కమిటీ నోటీసులు వచ్చాయి, నాకొకటి, మీ అక్కకొకటి. అందరూ కూర్చుని ఉండగా నిలబడి సభామర్యాదకి భంగం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. నేను సంజాయిషీ రాయడానికి కాగితం తీసేలోపే మీ అక్క తన నోటీసుకి ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించింది.