లేని బాటను గీసిన చేయి నాదేనని మనవి

శ్రీయుత పురావస్తు శాఖ సంచాలకులవారి సముఖమునకు,
డిజిటల్ పటాల విభాగం సహాయకుడు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: ప్రాచీన వర్తక మార్గ పటంలో పన్నెండు కిలోమీటర్ల గీత నేను కల్పించినదగుట గురించి; అందువలన శిక్ష పొందిన క్షేత్ర సహాయకుడు నిర్దోషి యగుట గురించి.

అయ్యా,

1. నేను తమ కార్యాలయం రెండవ అంతస్తులో తొమ్మిదేళ్ళుగా పనిచేయుచున్నాను. పూర్వం బళ్ళూ మనుషులూ నడిచిన బాటలను కంప్యూటరులో వెతికి తీయడం నా విధి. దొరికిన ఆనవాళ్ళను పటంపై చుక్కలుగా పెట్టి, నేల ఎత్తుపల్లాల వివరాలు అందిస్తే, బరువు మోసే మనిషి ఒక చుక్క నుండి మరొక చుక్కకు ఎటు తక్కువ ఆయాసంతో వెళ్ళి ఉంటాడో యంత్రం లెక్కగట్టి గీత గీస్తుంది. ఆ గీత అంచనా మాత్రమే. కాళ్ళతో నడిచి చూసినవారు అవునంటేనే అది బాట. కొత్తగా చేరినవారికి ఈ సంగతి చెప్పేవాణ్ణి నేనే.

2. కూలిన రాతి వంతెనకూ, పాత మజిలీ ఇళ్ళ పునాదులకూ నడుమ ఉన్న కొండ తాలూకు వివరాలు మా వద్ద లేవు. ఆకాశం నుండి తీసిన చిత్రాల్లో అక్కడ మబ్బు పట్టి ఉంది. యంత్రం ఆ మేర ఖాళీగా వదిలేసింది. ప్రదర్శనశాల ప్రారంభం దగ్గరపడింది. గోడకు పెట్టవలసిన పెద్ద పటం ఆ పూటే అచ్చుకు వెళ్ళాలి. ఎవరో ఒత్తిడి చేశారని చెప్పుకోను, ఎవరూ చేయలేదు. గీత మధ్యలో తెగితే చూడ్డానికి బాగుండదనిపించింది, అంతే. మౌసు పట్టుకొని, కొండ మీదుగా ఒక ఒంపు తిప్పి, రెండు కొసలూ కలిపేశాను. పక్కన పెట్టుకొన్న టీ చల్లారనైనా లేదు. "ఆధారం" అనే గడిలో "కంప్యూటర్ గణన" అని వ్రాశాను. ప్రారంభం రోజున తాము ఆ ఒంపునే వేలితో చూపి, మావాళ్ళు కొండను కూడా వదల్లేదని అతిథుల ముందు మెచ్చుకొన్నారు. నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను.

3. ఆ మేర బండిచక్రాల జాడలు, పరచిన రాళ్ళు వెతకమని తాము పంపిన క్షేత్ర సహాయకుడు నాకు స్వయానా అక్క భర్త. నేను బావా అని పిలవడం విని ఆఫీసంతా ఆయన్ను బావగారూ అనే పిలుస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ శాఖకోసం కొండలూ గుట్టలూ నడిచిన మనిషి. పందొమ్మిది రోజులు వెతికారు. రోజూ సాయంత్రం దిగివచ్చి, నడిచిన దారిని నమోదు చేసే చేతి పరికరాన్ని నా బల్లమీద పెట్టేవారు. చెప్పులనిండా దుమ్ము.

"ఏమైనా కనిపించిందా బావా?" అని నేను అడిగేవాణ్ణి. సిగ్గులేకుండా అడిగేవాణ్ణి.

"లేదురా. నువ్వు గీశావంటే ఉండే ఉంటుందిలే. నాకే కనబడట్లేదు."

పదవ రోజున కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి అద్దాలు మార్పించుకొన్నారు. అయ్యా, తోడు వెళ్ళినది నేనే.

4. ఆనవాళ్ళు లేవని ఆయన నివేదిక ఇచ్చారు. పటంలో ఇంత స్పష్టంగా ఉన్నది నేలమీద లేదంటే, ఈయన కొండ ఎక్కకుండానే రోజులు గడిపి ఉండాలని ఉపసంచాలకులవారు సంజాయిషీ అడిగారు. పరికరంలోని నమోదులు చూపితే ఎక్కినట్టు రుజువయ్యేది. అవేవని నన్ను అడిగారు. "పాత పరికరమండీ, నమోదు కాలేదు" అన్నాను. అప్పటికవి నా కంప్యూటరులో భద్రంగా ఉన్నాయి. అవి బయటపెడితే అంత వెతికినా ఎందుకు దొరకలేదన్న ప్రశ్న నా గీత దగ్గరికి వస్తుందని దాచాను.

పందొమ్మిది రోజుల నమోదులూ ఇందుతో జతపరచుచున్నాను. తాము దయచేసి తెరచి చూడవలెను. నా ఒంపుకు అటూ ఇటూ, పోయిన ఉంగరాన్ని ఇల్లంతా వెతికినట్టు, వెళ్ళిన చోటికే మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. పద్నాలుగవ రోజున, ఆయన ఉన్నచోటు చూపే గుర్తు రెండు గంటలపాటు కదలలేదు. కాలు మడతపడి అక్కడే కూర్చుండిపోయారు. ఇంట్లో చెప్పొద్దురా అన్నారు. చెప్పలేదు. నోరు మూసుకోవడం నాకు బాగా అలవాటైపోయింది.

5. విచారణలో ఆయన తప్పు ఒప్పుకొని సంతకం పెట్టారు. మా అక్క నన్ను నిలదీసింది.

"ఎక్కిన మనిషి ఎక్కలేదని రాసిచ్చి రావడమేంట్రా? నువ్వక్కడే ఉన్నావుగా, నీకేం తెలీదా?"

బావే అడ్డుపడ్డారు. "వాణ్ణెందుకంటావే? ఎక్కాను, కానీ సరిగ్గా చూసుండను. పటం అబద్ధం చెబుతుందా?"

ఇప్పుడాయన్ను ప్రదర్శనశాల తలుపు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. వచ్చినవారికి పటం చూపించడం పని. మొన్న మెట్లు దిగుతుండగా ఆయన గొంతు వినిపించింది. "ఈ కొండమీది దారుంది చూశారూ, ఇది మా బావమరిది పట్టుకున్నదండీ" అని ఎవరికో గర్వంగా చెబుతున్నారు. దిగలేక వెనక్కి తిరిగాను. ఆనాటినుండి వెనుక తలుపున రాకపోకలు సాగించుచున్నాను.

6. కావున నేను కోరునదేమనగా: గోడమీది పటం దించి ఆ మేర ఖాళీగా చూపవలెను. క్షేత్ర సహాయకుని ఒప్పుకోలును కొట్టివేసి, ఆయన నివేదికే నిజమని అందరికీ తెలియునట్లు ఉత్తర్వు ఇవ్వవలెను. నాకు విధించు శిక్షను తగ్గించమని ఎవరు వచ్చి అడిగినా, మా బావే వచ్చి అడిగినా, వినవలదు. ఆయన అడుగుతారు.

ఇన్నాళ్ళకు చేసుకొన్న ఈ మనవిని తాము చిత్తగించి, దండింపవలసినవానిని దండింపవలెనని ప్రార్థన.

తమ విధేయుడు
(ఆ మాటకు ఇంకా అర్హుడనో కానో తామే నిర్ణయించవలెను),
సహాయకుడు, డిజిటల్ పటాల విభాగం

తా.క.: మళ్ళీ టైపు చేసే ఓపిక లేక ఇది చేత్తో రాస్తున్నాను. నిన్న సాయంత్రం ఈ అర్జీ బావకు చదివి వినిపించాను. వంటగది గుమ్మంలో నిలబడి వింటున్న అక్క, నమోదులు దాచిన సంగతి వచ్చేసరికి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు. బావ తిడతారని సిద్ధపడే వెళ్ళాను. తిట్టలేదు. నా మొహం కూడా చూడలేదు. గోడకేసి చూస్తూ అన్నారు: "పదకొండో రోజున ఉత్తరం వాలు కింద వరసగా చెక్కిన రాళ్ళు చూశాను. మీద చక్రాలు ఒరుసుకున్న చారలు కూడా ఉన్నాయి. నీ గీతకి రెండు కిలోమీటర్ల దూరం. మన పటంలోది కాదులే అని రాయలేదు."

పొద్దున్నే ఆఫీసుకొచ్చి పదకొండో రోజు నమోదు తెరిచాను. ఆయన చెప్పిన చోట గుర్తు నలభై నిమిషాలు ఆగి ఉంది. అది నేను అప్పుడే చూశానండీ. అలసిపోయి కూర్చున్నారనుకున్నాను.

నా సంగతి తరవాత చూద్దురుగాని. ముందు ఆయన్ను అక్కడికి పంపండి.