మేయరుగారు మెచ్చిన కలుపు

మేయరుగారికి,

మా ఇంటి ముందు గోంగూర కలుపు మొక్కలనీ, శుక్రవారంలోగా పీకకపోతే సిటీ మనుషులే వచ్చి పీకేస్తారనీ మీరు పంపిన నోటీసు అందింది. ఎన్నికలప్పుడు మా ఆవిడ చేసిన గోంగూర పచ్చడిని రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు. “అమేజింగ్ ప్లాంట్, ప్రతి యార్డ్‌లో ఉండాలి” అన్నారు కూడా. మరి అది కలుపు ఎప్పుడయింది? పార్కు స్థలం మీ బావమరిది కంపెనీకి ఎలా వెళ్ళిందని కౌన్సిల్ మీటింగ్‌లో నేను అడిగిన మర్నాడే కదా?

టెక్సాస్ ఎండకే చావని మొక్కలవి. అయినా పీకించండి. విత్తనాలు వీధిలో అందరికీ పంచేశాను, ఆ ప్రశ్నతో సహా. వచ్చే మీటింగ్‌కి అందరం పచ్చడి పట్టుకుని వస్తున్నాం. తింటూనే జవాబు చెబుదురుగాని.

ఇట్లు,
కిందటిసారి మీకే ఓటేసిన మనిషి