పెనుకొండ ఇంటి పళ్ళపొడి

3-2-58, సోమవారం. హిందూపురం

పై వరసలో ముందు పన్ను ఒకటి ఊగుతోంది. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బడిలో హైజీన్ పాఠం చెప్పిన నోరు ఇది. చెప్పినంత మాత్రాన పళ్ళు నిలబడాలన్న రూలేమీ లేదు కాబోలు.

నా పన్ను మీద ఇంట్లో అందరికీ ఒక అభిప్రాయం ఉంది. బెల్లం మండీ నడిపే నా కొడుకు తిప్పన్న పీకించెయ్ అంటాడు. కోడలు లవంగం అంటుంది. పక్కింటామె ఉత్తరేణి వేరు తెచ్చి, దీంతో తోమితే మాయత్తకు సచ్చేదాక ఒక్క పన్నూ ఊడలేదమ్మా అంది. ఆ అత్త నలభై నిండకుండానే పోయిందన్న సంగతి నాకు తెలుసు.

ఆ పన్ను పోతే త, ద సరిగా పలకవు. సాయంత్రం నా దగ్గర చదువుకోవడానికి వచ్చే పిల్లలు నవ్వుతారు. నవ్వించుకోవడం నాకు అలవాటు లేని పని.

5-2-58, బుధ

సాబ్జాన్ అంగడికి వెళ్ళాను. నల్లపొడి, ఎర్రపొడి, తెల్లపొడి, పేస్టు, బ్రష్షు. నల్లదాంతో తోమితే నోరు కుంపటి. ఎర్రది మిరియాల చారు. తెల్లది సుద్దముక్క. ముప్పై ఏళ్ళు బోర్డు ముందు మింగిన సుద్ద చాలదా? బ్రష్షు చేతిలోకి తీసుకుని ఈ వెంట్రుకలు దేనివయ్యా అన్నాను. పందివి నేను తెప్పీను పంతులమ్మా, ఇది నైలాను, అన్నాడు కొంచెం నొచ్చుకుని. అడగకుండా ఉండవలసింది. పేస్టూ బ్రష్షూ తీసుకున్నాను.

ఇప్పుడు ఆ బ్రష్షు ఎక్కడ ఉండాలన్నది సమస్య. వేపపుల్లయితే తోమి పారేస్తాం. ఇది నిన్నటి ఎంగిలి, రేపటికీ అదే. వంటింట్లో వద్దని కోడలు. దేవుడి గూడున్న గోడకు వద్దని తిప్పన్న. చివరికి వసారాలో గొడుగు పక్కన కొక్కేనికి వేలాడుతోంది.

6-2-58

పేస్టు తియ్యగా ఉంది. తియ్యటివి తిన్నాక నోరు కడుక్కోండర్రా అని చెప్పినదాన్ని, తియ్యటిదాంతో నోరు కడుక్కుంటున్నాను.

11-2-58, మంగళవారం

మధ్యాహ్నం ప్యాసింజరులో మనవరాలు పుష్పావతి దిగింది. పోయిన వైశాఖంలో పెనుకొండ ఇచ్చాం. మామ కొండప్ప తీసుకొచ్చాడు, ట్రంకుపెట్టెతో సహా. పెట్టె చూడగానే నాకు అర్థమైంది.

కొండప్ప మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అరుగు చివర కూర్చుని, పిల్ల ఉమ్మిలో నెత్తర పడతాండాది పెద్దమ్మా, మా పెద్దోడు, వాని పెండ్లాము వలస పోతా ఇడిసిన పిల్లోళ్ళు ఇద్దరుండారు ఇంట్లో, బాగయినంక సూస్తాం లే, అన్నాడు. క్షయ అన్న మాట మాత్రం అనలేదు. అనకుండానే ఇంటి నిండా ఆ మాట వదిలేసి సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

కోడలు ఏడుస్తోంది. ఏడుస్తూనే కన్నకూతురికి వేరే గ్లాసు తీసి పెట్టింది. పుష్పావతి ఆ గ్లాసు వైపు చూసి చేతిలోకి తీసుకుంది. అది తాగి దించాక అదే గ్లాసులో నేను కాఫీ పోసుకుని తాగాను.

14-2-58, శుక్ర. అనంతపురం నుంచి వస్తూ, రైల్లో

ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. డాక్టరు పిల్లను నోరు తెరవమన్నాడు. చిగుళ్ళు గీసుకుపోయి పచ్చిపుండ్లు. దేంతో తోముకుంటావమ్మా అని అడిగాడు. మూడు రోజులుగా ఇంట్లో ఇంతమందిమి ఉండి నోరు తెరవమని అడిగినవాళ్ళం లేము. హైజీన్ టీచరుతో సహా.

బండి ఎక్కాక చెప్పింది. అత్త నరసమ్మ ఒక పొడి ఇస్తుందట. పాత ఇటుక, బొగ్గు, రాళ్ళ ఉప్పు కలిపి దంచింది. కాపురానికి వెళ్ళిన మర్నాడే కొబ్బరిచిప్పలో పోసిచ్చి, ఇది మా వంశం పొడి, ఈ ఇంటికొచ్చిన కోడండ్లంతా దీంతోనే తోమినారు, అందట. నెత్తురు వస్తోందని నోరు విప్పి చెప్పడానికేమే అన్నాను. చెంబు తోమితే మసి రాదా అవ్వా, మురికి పోతాందనుకొంటి, అంది. నెత్తురు వచ్చేకొద్దీ ఇంకా గట్టిగా తోమిందట, తొందరగా శుభ్రమవుతుందని.

దీన్ని అయిదో క్లాసు దాకా చదివించింది నేను.

మళ్ళీ ఆ ఇంటికి పోవాలని ఉందా అన్నాను. మొగుణ్ణి తలుచుకుని, ఆయప్ప ఆదివారం ఇంటికొస్తే నాతో పాటే కూసోని తింటాడవ్వా, ఆడ నాకు ఆ పొడి తప్ప ఏం కష్టం ల్యా, అంది.

17-2-58, సోమ

తిప్పన్న రిపోర్టు పట్టుకుని పెనుకొండ వెళ్ళాడు. రాత్రికి ఆ రిపోర్టుతోనే తిరిగొచ్చాడు. కాగితానికేం తెలుస్తాదన్నా, నేను కండ్లార సూసినా, అందట నరసమ్మ. వీడు పొడి మాట ఎత్తాడు. నాలుగు తరాలు తోమినాం, ఎవురికీ రాని నెత్తర మీ పిల్లకే ఎందుకొచ్చె అని అడిగిందట. వీడు రిపోర్టు మడుచుకుని లేచొచ్చాడట. చెమ్మెక్కిన పాత బెల్లాన్ని కొత్త బెల్లమని ఒప్పించగలిగిన నోరు వీడిది.

20-2-58

ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది. నెత్తురు ఆగింది. ఊళ్ళో మాట ఆగలేదు.

24-2-58, సోమ

సాయంత్రం చదువుకు ఒక్కరూ రాలేదు. ఒకామె మాత్రం, పిల్లోనికి జలుబమ్మా అని కబురు పంపింది. వీధి వీధికంతా జలుబు.

సోమందేపల్లి నుంచి బెల్లం బండి తోలుకొచ్చినవాడు ఇంకో సంగతి చెప్పాడు. కొండప్ప కొడుక్కు వేరే పిల్లను చూస్తున్నారట. ఒక భార్య ఉండగా ఇంకొకతెను చేసుకోకూడదని చట్టం వచ్చి మూడేళ్ళయింది. అది ఇంకా పెనుకొండ స్టేషనులో దిగినట్టు లేదు.

ఆ మాట పుష్పావతి కూడా విన్నది. రాత్రి అన్నం ముందు కూర్చుని, కలిపి, కలిపి, లేచిపోయింది.

1-3-58, శనివారం. పెనుకొండ

పిలవకుండానే వచ్చాం, నేనూ పిల్లా. నరసమ్మ లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. నాకు కంచం, పిల్లకు విస్తరాకు. ఆ చిన్నపిల్లలిద్దరినీ వెనక గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. రాత్రి బండికి నాకు కండ్లు కనపడవు నరసమ్మా, పొద్దున పోతాం, అన్నాను. నా కండ్లకు ఏ రోగమూ లేదు.

చీకటి పడేవేళకు పుష్పావతి మొగుడు రామప్ప వచ్చాడు. ధర్మవరంలో పట్టుచీరల యజమాని దగ్గర పని, వారానికొక రోజు ఇల్లు. తండ్రి ఎదురుగా ఉంటే ఏం మాట్లాడతాడు? వేరుశనగల పొట్లం పిల్ల పక్కన పెట్టి, పెట్టనట్టే వెళ్ళిపోయాడు.

2-3-58, ఆదివారం. పొద్దున ఎనిమిదికి, స్టేషనులో

ఇది ఇప్పుడే రాయాలి.

కోడి కూయకముందే లేచి దొడ్లో కూర్చున్నాను. కొండప్ప వేపపుల్ల నములుతూ చేను వైపు బయలుదేరాడు. రామప్ప బావి దగ్గర చొక్కా జేబులోంచి బ్రష్షు తీశాడు, పేస్టు కూడా. నరసమ్మ గడ్డివామి వెనక్కి పోయి కండ్లు మూసుకుని వేలితో పళ్ళకు నశ్యం పట్టిస్తోంది. వంశం పొడి మాత్రం కొబ్బరిచిప్పలో, గూట్లో, ముట్టే దిక్కు లేక ఉంది. ఈ ఇంట్లో దాన్ని వాడింది ఒక్కతే. ఆ ఒక్కదాన్నే వెళ్ళగొట్టారు.

కొండప్పను వెనక్కి పిలిచాను. అందరూ ఉండగా ఆ చిప్ప తెమ్మన్నాను. ఎట్లా తోమాలో చెప్పు నరసమ్మా, అన్నాను. గట్టిగనే తోమాల, అంది. గట్టిగానే తోమాను. వద్దవ్వా అని పుష్పావతి చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను. బట్టలుతికే బండ మీద ఉమ్మితే ఎర్రగా పడింది. ఊగే పన్ను నోట్లో అడ్డం తిరిగింది.

నాకూ పట్టుకుంది నరసమ్మా, నన్ను ఏ ఊరికి పంపుతావో చెప్పు, అన్నాను. చిప్ప ఆమె ముందుకు జరిపాను. నువ్వు తోము, నీకు నెత్తురు రాకుంటే పిల్లను తీసుకుని ఇప్పుడే పోతాను, మళ్ళీ ఈ గడప తొక్కను.

ఆమె చిప్ప ముట్టలేదు. రామప్ప వచ్చి చిటికెడు తీసుకుని, ఎవరినీ చూడకుండా తోమి, నా పక్కనే ఉమ్మాడు. వాడిదీ ఎర్రగానే.

అప్పుడు నరసమ్మ కూలబడింది. నాకూ వచ్చె పెద్దమ్మా, నాయత్తకు బయపడి చెప్పల్య, నొప్పి తెలవకుండ నశ్యం పడితి, అంది. ఆమెకు కొంచెమే వచ్చిందట, మా పిల్లకు చాలా వస్తుంటే భయపడిందట. నా సెల్లెలు ఇట్లనే ఉమ్మి ఉమ్మి పోయె, ఇంట్లో పసోళ్ళుండారు, నేనేం చేద్దును, అని కొంగు నోట్లో కుక్కుకుంది.

నిజమే. ఆమె చెల్లెలు నిజం, భయం నిజం. ఇదంతా తిప్పన్న వచ్చిన నాడే చెప్పి ఉంటే నాకొక పన్ను మిగిలేది.

నువ్వింత కాలం దేంతో తోముకుంటాండావే అని కొండప్ప ఒకటికి రెండుసార్లు అడిగాడు. ఆయనకు అదొక్కటే అర్థం కాలేదు. తర్వాత వెనక గది గొళ్ళెం తనే తీశాడు. ట్రంకుపెట్టె పంపండి పెద్దమ్మా, అన్నాడు.

పుష్పావతి అత్త ముందు నిలబడి, ఇంక ఆ పొడి నేను తోమనత్తా, నాది నేను తెచ్చుకుంటా, అంది. చిప్పలోది తీసి ఇత్తడి చెంబుకు పట్టించింది. చెంబు బంగారంలా మెరిసింది. అది చెంబుల పొడి అని నాలుగు తరాల్లో ఎవరికీ తట్టలేదు.

పిల్లను అక్కడే వదిలి వచ్చాను. బండి లేటు.

7-3-58

ట్రంకుపెట్టె రేపు వెళుతుంది. సాబ్జాన్ దగ్గర తెల్లపొడి డబ్బీ కొని అందులో పెట్టాను. పేస్టు వద్దట పుష్పావతికి, తియ్యగా ఉంటే మింగబుద్ధవుతుందట. నరసమ్మ కూడా కబురు పంపింది. నశ్యం మానను గాని, నాకూ ఒక డబ్బీ పంపమను, అని. రెండు పెట్టాను.

9-3-58, ఆదివారం

పన్ను చేతిలోకి వచ్చింది. పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరాను, పాలపన్ను విసిరినట్టు. తిప్పన్న చూశాడు. కొత్తది రాదమ్మా, అన్నాడు. తెలుసు, అన్నాను. త పలకలేదు.

పుష్పావతి మళ్ళీ కాపురానికి వెళ్ళిందని తెలిసి వీధిలో జలుబులు తగ్గాయి. సాయంత్రం పిల్లలు వస్తామన్నారు. నవ్వుకోనీ.