చీపురుకర్ర కొలత

తమ్ముడు ఎమ్మెట్‌కి,

తూటా వేగం కొలవమని మీ బావకు నువ్విచ్చిన యంత్రం బాగానే ఉంది. తూటా దాటడాన్ని పసిగట్టే దాని రెండు కళ్ళను కలిపే కడ్డీనే ఆయన గురితప్పి కాల్చేశాడు. బదులుగా నా చీపురుకర్ర బిగించాడు. అది జానెడు పొడవెక్కువ. యంత్రం మాత్రం పాత దూరానికే లెక్క కట్టి, వేగం తక్కువని చూపిస్తోంది. ఆయనేమో ప్రతిసారీ తూటాలో మందు పెంచుతున్నాడు.

నిన్న ఆ మందు ఒత్తిడికి రైఫిల్ బోల్టు, అదే తూటా వెనక మూసే గడియ, బిగుసుకుపోయి సుత్తితో కొడితే గాని తెరుచుకోలేదు.

"హార్లన్, ఇంకొంచెం పెంచావంటే అది నీ మొహం మీదే పేలుతుంది."

"యంత్రం అబద్ధమాడదే, పిచ్చిదానా!"

"యంత్రం ఆడదు. నా చీపురు ఆడుతోంది."

మోంటానాలో సగం మందికి లెక్కలు నేర్పాను, ఈ ఒక్కడికీ ఎక్కలేదు. నువ్వు చెబితే వింటాడు, మగాడివి కదా. అసలు కొలత కడ్డీ ఇంకొకటి పట్టుకుని వెంటనే బయలుదేరు.

బోల్టు ఊడదీసి పిండి డబ్బాలో దాచాను. ఆయన ఇల్లంతా వెతుకుతున్నాడు. నేను గడప దాటితే వంటగదిలో దూరతాడు. అందుకే చర్చి కూడా మానేసి, రొట్టె కూడా చేయకుండా, డబ్బా పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను.

పెళ్ళయ్యాక మొదటిసారి ఈ పొద్దున, "రొట్టె నేను చేస్తాలే" అన్నాడు. త్వరగా రా.

అక్క