మామగారి గదిలోని బ్రేకరు

ఉగాండా దేశం, ముకోనో విద్యుత్ కార్యాలయపు ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంటి బ్రేకరును మార్చుట, దాని పెట్టెను మామగారి గది నుండి వసారాలోకి తరలించుట గురించి.

వడ్రంగి సెంపాలా భార్యనైన నకివాలా మనవి చేసుకునేది ఏమనగా:

1. పెరటి షెడ్డులో మాకు లేతు మిషను కలదు. దానిపై కుర్చీకాళ్లు గుండ్రంగా తీసే పని నాది. మిషను వేసిన పావుగంటకు బ్రేకరు పడిపోయి కరెంటు పోవుచున్నది.

2. కోడలు మామగారి గడప దాటితే ఇద్దరికీ వణుకుజబ్బు వస్తుందని మన పెద్దలు చెప్పేది తమరికి తెలియనిది కాదు. కావున నేను గోడ ఇవతల నిలబడి, "మామయ్యా, మళ్లీ పడిందండీ" అంటాను. పెళ్లయిన రెండేళ్లలో ఆయనతో నేను మాట్లాడింది దాదాపు ఇంతే. ఆయన చేతికర్రతో మీట లేపి, "నీ మిషను కంటే నాకే పనెక్కువైందే పిల్లా!" అంటారు.

3. తప్పు మిషనుదేనని తమ లైన్‌మన్ చెప్పి వెళ్లారు. దానిని మా ఆయన స్నేహితుడి షెడ్డుకు మోసుకెళ్లి చూశాం. సాయంత్రం దాకా ఆగకుండా తిరిగింది. తర్వాత ఇంట్లో ప్లగ్గులన్నీ పీకి, ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టాను. అప్పుడూ పడింది. మామగారు బ్రేకరు పెట్టె మీద చెయ్యి వేసి, "అరటికాయలు ఉడికించుకోవచ్చే!" అన్నారు. కనుక తప్పు బ్రేకరుదే. పెట్టెకు తమ ఆఫీసు సీలు ఉన్నందున మేము విప్పరాదు.

4. మొన్న బుధవారం మామగారు కునుకు తీస్తుండగా బ్రేకరు పడింది. మూడుసార్లు పిలిచినా పలకలేదు. ఆయనను చూడకపోతే దోషం అంటదనుకుని, కళ్లు మూసుకుని గదిలోకి వెళ్లాను. కళ్లు మూసుకున్నందువల్ల నేరుగా ఆయన మంచానికే కొట్టుకున్నాను. "ఎవరదీ!" అని ఆయన లేచారు. ఇద్దరమూ వణికాం. అది భయమే గాని జబ్బు కాదు. అయినా చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన మా ఆయన మేనత్త, "చూశారా, వణికారు!" అని ఊరంతా చెప్పింది. మిషను అమ్మేయాలా వద్దా అని ఆదివారం పెద్దలు కూర్చుంటారట.

అయ్యా, మనుషుల ముందు నాకు మాట రాదు. మిషను ముందు మాత్రం నా చేతులు వణకవు. శనివారంలోగా దయ చూపి, ఈ మనవి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నకివాలా

తా.క.: పంపే ముందు ఈ అర్జీని గోడ ఇవతల నుంచి మామగారికి చదివి వినిపించాను. "బ్రేకరు మార్చమను. ఆదివారం సంగతి నేను చూసుకుంటాలే. పెట్టెను మాత్రం నా గదిలోంచి కదపొద్దను. కొత్తది కూడా రోజుకొక్కసారైనా పడేది చూసి తెమ్మను. లేకపోతే ఈ పిల్ల నాతో ఏం మాట్లాడుతుంది?" అన్నారు. పడకపోయినా మాట్లాడతానని చెప్పాను. నమ్మలేదు. కావున పైన విషయంలోని రెండవ కోరిక కొట్టివేసినట్లు భావించగలరు.